స్టాన్లీ పార్కు టోటెమ్ స్తంభాలు: ఎక్కడివి, ఎవరివి, ఇక్కడికెందుకు వచ్చాయి

కెనడా పడమటి తీరంలో వాంకూవర్ చూడ్డానికి వెళ్లినవాళ్లలో స్టాన్లీ పార్కుకు వెళ్లనివారు అరుదు. పార్కు తూర్పు కొసన, బ్రాక్టన్ పాయింట్ దగ్గర, సముద్రపు పాయకు ఎదురుగా పచ్చిక మీద వరసగా నిలబెట్టిన టోటెమ్ స్తంభాలు, అంటే వంశచిహ్నాలు చెక్కిన ఎత్తైన చెక్క స్తంభాలు ఉంటాయి. గద్ద ముక్కులు, ఎలుగుబంటి పళ్లు, తిమింగలం తోకలు, ఎరుపు నలుపు రంగులు. చూడగానే రెండు అభిప్రాయాలు కలుగుతాయి: ఇవి చాలా పాతవని, ఇక్కడి ఆదివాసులవేనని. రెండూ పొరపాటే. ఇప్పుడు నిలబడి ఉన్నవాటిలో ఎక్కువ భాగం 1986–1992 మధ్య వచ్చినవి. చివరిదైన 2009 నాటి స్తంభాన్ని మినహాయిస్తే, మిగతావన్నీ ఉత్తరాన, పడమరన వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న జాతుల సంప్రదాయానికి చెందినవి.

ఈ తీరం మస్క్వియమ్, స్క్వామిష్, స్లేవాటూత్ జాతులది. వాళ్లు సెడార్ చెక్కతో పెద్ద ఇళ్లు కట్టేవారు, దూలాన్ని మోసే నిట్టాళ్లను చెక్కేవారు, ఒడ్డున అతిథులకు ఎదురు నిలిచే మనిషి బొమ్మలను నిలిపేవారు. ఒకదాని మీద ఒకటిగా వంశచిహ్నాలు పేర్చిన ఎత్తైన స్తంభాలు మాత్రం వాళ్ల పద్ధతి కాదు.

పార్కు 1888లో మొదలైంది. అంతకు ముందు అది నిర్జనమైన అడవి కాదు. ఇప్పుడు లంబర్‌మెన్స్ ఆర్చ్ అని పిలిచే చోట ఖ్వైఖ్వై అనే ఊరు ఉండేది. పార్కు చుట్టూ బండిబాట వేస్తున్నప్పుడు సర్వే మనుషులు వచ్చి, లోపల జనం తింటూ ఉండగానే ఇంటి మూల నరికేశారని ఇప్పటి పార్కు నేల మీదే పెరిగిన ఆగస్ట్ జాక్ ఖాట్సలానో తర్వాతి కాలంలో చెప్పాడు. తరతరాలుగా అక్కడ తిని పారేసిన ఆల్చిప్పల దిబ్బలను తవ్వి అదే బాట మీద పరిచారు. తెల్లగా మెరిసే ఆ రోడ్డును అప్పటి సందర్శకులు మెచ్చుకున్నారు.

సరిగ్గా ఆ చోటే, 1920ల మొదట్లో, వాంకూవర్‌లోని కళా చరిత్ర విజ్ఞాన సంఘం ఒక ‘ఇండియన్ గ్రామం’ నమూనా కట్టాలని తలపెట్టింది. అసలు గ్రామాన్ని ఖాళీ చేయించిన చోట బొమ్మ గ్రామం. దానికోసం వాంకూవర్ దీవి ఈశాన్య కొసకు పక్కనే ఉన్న అలర్ట్ బే నుంచి స్తంభాలు కొన్నారు. అలర్ట్ బే క్వాక్వాకవాక్వ్ జాతి వారి ఊరు. గ్రామం ఆలోచన సాగలేదు గానీ స్తంభాలు మాత్రం నిలిచాయి.

ఆ స్తంభాలు అమ్మకానికి ఎందుకు దొరికాయన్నదే ఈ చరిత్రలో కీలకం. టోటెమ్ స్తంభం మన ధ్వజస్తంభంలా మొక్కడానికి నిలిపేది కాదు. ఒక కుటుంబానికి ఏ చిహ్నాల మీద, ఏ కథల మీద, ఏ పేర్ల మీద హక్కు ఉందో అది నలుగురి ముందు చాటుతుంది. ఆ హక్కు చెల్లాలంటే పాట్‌లాచ్ జరగాలి: ఊళ్లను పిలిచి, విందు పెట్టి, కానుకలు పంచి, వచ్చినవాళ్లను సాక్షులుగా నిలపాలి. కెనడా ప్రభుత్వం 1884లో చట్టం సవరించి పాట్‌లాచ్‌ను నేరం చేసింది. 1885లో అమల్లోకి వచ్చిన ఆ నిషేధం 1951 దాకా పోలేదు. 1921 డిసెంబరులో అలర్ట్ బేకు దగ్గర్లోని విలేజ్ ఐలాండ్‌లో క్వాక్వాకవాక్వ్ అధిపతి డాన్ క్రాన్మర్ పెద్ద పాట్‌లాచ్ ఇచ్చాడు. అధికారులు జనాన్ని పట్టుకుని, మాస్కులు, గిలక్కాయలు, రాగి ఫలకాలు అప్పగిస్తే శిక్ష తప్పిస్తామన్నారు. ఒప్పుకోనివారు వాంకూవర్ పక్కనే బర్నబీలో ఉన్న ఓకాల్లా జైలుకు వెళ్లారు. వందల వస్తువులు మ్యూజియంలకూ, సేకర్తలకూ చేరాయి. పార్కుకు స్తంభాలు కొన్నది ఆ కాలంలోనే, ఆ ప్రాంతంలోనే. డబ్బు చేతులు మారి ఉండవచ్చు. కానీ స్తంభం నిలిపే వేడుకే నేరమైన చోట జరిగిన ఆ కొనుగోలును ఇష్టపూర్వకమైన అమ్మకం అనడం నాకు న్యాయంగా తోచదు.

అదే దశాబ్దంలో బ్రాక్టన్ పాయింట్‌లో ఇంకొకటి నడిచింది. అక్కడ ఆదివాసీ స్త్రీలను పెళ్లాడిన పోర్చుగీసు, స్కాటిష్ మగవాళ్ల కుటుంబాలు, వాళ్ల పిల్లలు తరాలుగా ఇళ్లు కట్టుకుని ఉండేవారు. నగరం వాళ్లను ఆక్రమణదారులంది. కేసు 1925లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, కుటుంబాలు ఓడిపోయాయి. 1931లో ఇళ్లు ఖాళీ చేయించి తగలబెట్టారు. టిమ్ కమింగ్స్ మాత్రం చనిపోయేదాకా ఉండటానికి అనుమతి పొందాడు. అతను 1958లో పోయాడు. మధ్యలో, 1936లో, నగరం స్వర్ణోత్సవం కోసం ఉత్తరాన హైడా జాతి దీవులైన హైడా గ్వాయి నుంచి, అదే తీరంలోని రివర్స్ ఇన్‌లెట్ నుంచి మరికొన్ని స్తంభాలు తెచ్చారు. 1962లో అన్నిటినీ లంబర్‌మెన్స్ ఆర్చ్ నుంచి బ్రాక్టన్ పాయింట్‌కు మార్చారు. అంటే స్తంభాలు రెండుసార్లూ, ఉన్న మనుషులను వెళ్లగొట్టిన చోటే నిలబడ్డాయి.

ఇక పాతవి ఏమయ్యాయన్నది చెక్క సంగతి. స్తంభాలకు వాడేది పశ్చిమ ఎర్ర సెడార్. తేలిక, పోగు నిటారుగా ఉంటుంది, బాడిసకు ఇట్టే లొంగుతుంది. దాని చేవలో తూజాప్లిసిన్ అనే సహజ రసాయనాలుంటాయి, అవి బూజును ఆపుతాయి. చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కకు ఆ రక్షణ లేదు. అందుకే చెక్కేటప్పుడు ముందుగా దాన్ని తీసేస్తారు. ఎండినప్పుడు ఈ చెక్క వలయాల వెంట సుమారు 5 శాతం కుంచించుకుంటుంది, కేంద్రం వైపు 2.4 శాతమే. ఈ తేడా వల్ల గుండ్రటి దుంగ తప్పకుండా నిలువునా బీటవేస్తుంది. పాత శిల్పులు పెద్ద స్తంభాల వెనక భాగాన్ని దోనెలా తొలిచేవారు. కేంద్రం పోతే ఒత్తిడి తగ్గుతుంది, బరువూ తగ్గి పైకెత్తడం తేలికవుతుంది. ముందుభాగంలో బొమ్మ ముఖం చీలకుండా ఉంటుంది.

ఇంత చేసినా నీళ్లు ఊరుకోవు. వాంకూవర్‌లో ఏడాదికి 1,100 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, అందులో అధిక భాగం అక్టోబరు నుంచి మార్చి దాకా సన్నగా, విడవకుండా. చెక్కలో తేమ 20 శాతం దాటి నిలిస్తే చీకు పుట్టించే బూజుకు దారి దొరుకుతుంది. స్తంభానికి మూడు చోట్ల దెబ్బ. మొదటిది తల: అక్కడ పోగుల కొసలు ఆకాశానికి తెరుచుకుని ఉంటాయి, నీటిని లోపలికి పీలుస్తాయి. పక్షులు వేసిన విత్తనాలు ఆ మెత్తటి తలలో మొలుస్తాయి, వేళ్లు చెక్కను ఇంకా విప్పుతాయి. రెండోది నేలకు ఆనిన మొదలు. మట్టి తడి, గాలి రెండూ దొరికే ఆ జానెడు మేర ముందుగా పుచ్చుతుంది. పైన బాగున్న స్తంభం కూడా మొదట్లో విరిగి పడవచ్చు. మూడోది రంగు: నూనె రంగు దట్టంగా వేస్తే పొరలా బిగుసుకుంటుంది, బీటల్లోంచి దూరిన నీరు బయటికి రాక లోపలే మగ్గుతుంది. కనుక కొత్తగా మెరవాలని మళ్లీ మళ్లీ రంగు పూయడం మేలు కాదు. నెత్తి మీద లోహపు మూత, నేలకు తగలకుండా ఉక్కు దూలం దన్ను, నాచు తీయడం, బొరాక్స్ జాతి మందు పట్టించడం, ఇవీ నేటి పద్ధతులు.

స్టాన్లీ పార్కు పాత స్తంభాల్లో కొన్ని 1880ల నాటివి. 1980ల మధ్యకు వచ్చేసరికి వాటిని బయట ఉంచలేమని తేలి మ్యూజియంలకు పంపారు. వాటి చోట కొత్తవి చెక్కించారు, కొన్నిటిని అరువు తెచ్చారు. ఇక్కడ ఒక మంచి పని జరిగింది: ఆ జాతుల శిల్పులకే, చాలాసార్లు ఆ కుటుంబాలవాళ్లకే ఆ పని దక్కింది. అధిపతి వాకస్ స్తంభాన్ని చూడండి. అసలుది 1890ల్లో చెక్కి, అలర్ట్ బేలో ఆయన ఇంటి ముందు నిలిపారు. దాని మొదట్లో ఉన్న పెద్ద కాకి ముక్కు వేడుకల రోజున తెరుచుకుని ఇంటి గుమ్మమయ్యేది. ఆ అసలు స్తంభం ఇప్పుడు ఒట్టావాకు ఎదురుగా గటినోలోని కెనడా చరిత్ర మ్యూజియంలో, కప్పు కింద ఉంది. పార్కులోనిది 1987లో డగ్ క్రాన్మర్ చెక్కినది. 1921లో పాట్‌లాచ్ ఇచ్చిన డాన్ క్రాన్మర్ కొడుకు ఆయన.

రెక్కలు చాచిన గరుడ పక్షి నిట్టాడు అసలుది 1900ల తొలినాళ్లలో చార్లీ జేమ్స్ చేసినది. ఇప్పుడున్నది 1987లో టోనీ హంట్ చేసిన ప్రతి. ఆ వరసలోనే 1955 నాటి కకాసోలస్ స్తంభం ఉంది. దాన్ని చెక్కిన ఎలెన్ నీల్ చార్లీ జేమ్స్ మనవరాలు. ఈ కళలో వృత్తిగా నిలిచిన తొలి స్త్రీలలో ఒకరు. స్కెడాన్స్ అధిపతి స్మారక స్తంభం మాత్రం హైడా పద్ధతి. అసలుది సుమారు 1870 నాటిది, హైడా గ్వాయికి తిరిగి వెళ్లింది. ఇక్కడున్నది 1964లో వెర్నర్ ట్రూ సాయంతో హైడా శిల్పి బిల్ రీడ్ చెక్కినది. ఎలుగుబంటి చెవుల్లో ఇద్దరు చిన్న మనుషులు కనిపిస్తారు: స్తంభం నిలిపిన కూతురు, అల్లుడు. కింది నుంచి చూస్తే సులువుగా తప్పిపోతారు, కాస్త వెనక్కి జరిగి చూడాలి.

ఈ నేల జాతులకు చోటు దొరకడానికి ఇంకా ఇరవై ఏళ్లు పట్టింది. 2008లో మస్క్వియమ్ శిల్పి సూసన్ పాయింట్ చేసిన మూడు ఎర్ర సెడార్ ద్వారాలు వచ్చాయి. 2009లో స్క్వామిష్ శిల్పి రాబర్ట్ యెల్టన్ తొమ్మిదో స్తంభాన్ని నిలిపాడు. అది ఆయన తల్లి రోజ్ కోల్ యెల్టన్ పేరు మీద ఉంది. బ్రాక్టన్ పాయింట్‌లో చివరిదాకా బతికిన కుటుంబాల్లో ఆమెదొకటి. కెమెరాలు ఎక్కువగా గరుడ పక్షి దగ్గర ఆగుతాయి. నా మాట వింటే ముందు యెల్టన్ స్తంభం దగ్గర ఆగండి.

వెళ్లేవారికి: పార్కు ప్రవేశం ఉచితం, కారు నిలిపితే రుసుము ఉంటుంది. నగరం నడిబొడ్డు నుంచి 19వ నంబరు బస్సు పార్కు లోపలి స్టాపు దాకా వెళ్తుంది. అక్కడి నుంచి సముద్రపు గట్టు బాట వెంట నడక. సైకిలు మీదైతే ఆ బాట అపసవ్య దిశలో ఒకేవైపు. అందువల్ల నగరం వైపు నుంచి బయల్దేరితే స్తంభాలు మొదట్లోనే వస్తాయి, దాటిపోతే వెనక్కి తిరగకూడదు. పక్కనే దుకాణం, మరుగుదొడ్లు ఉన్నాయి. ప్రతి స్తంభం దగ్గర పలక ఉంటుంది. దాని మీద శిల్పి, జాతి, సంవత్సరం చదివాకే పైకి చూడండి. కంచె దాటి చెక్కను తాకవద్దు. పాత స్తంభాలే చూడాలనుకుంటే బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ మానవశాస్త్ర మ్యూజియానికి వెళ్లాలి. భూకంప భద్రత పనుల తర్వాత అది 2024లో తిరిగి తెరుచుకుంది.

మ్యూజియంలలో ఉన్నవీ కదులుతున్నాయి. 1929లో స్వీడన్‌కు పోయిన హైస్లా జాతి గ్‌ప్స్‌గోలక్స్ స్తంభం 2006లో తిరిగొచ్చింది. 2023లో స్కాట్లాండ్ జాతీయ మ్యూజియం నిస్గా జాతికి నీస్‌జూల్ స్తంభాన్ని ఇచ్చేసింది. హైడా గ్వాయిలోని స్గాంగ్ గ్వాయి దీవిలో పాత స్తంభాలను ఆ జాతి ఇష్టం మేరకు వాలి నేలలో కలిసేలా వదిలేశారు. 1981 నుంచి అది ప్రపంచ వారసత్వ స్థలం.

స్టాన్లీ పార్కు ప్రతులకూ ఇప్పుడు నలభై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. తల మెత్తబడటం, మొదలు పుచ్చడం వీటికీ తప్పదు. మళ్లీ చెక్కాలంటే ముడులు లేని, నిటారైన, మీటరు మందం గల దుంగ కావాలి. అలాంటిది వందల ఏళ్ల చెట్టులోనే దొరుకుతుంది, అలాంటి చెట్లు ఈ తీరంలో చాలామటుకు నరికేశారు. దుంగ దొరికాక కూడా, ఆ చిహ్నాల హక్కు ఉన్న కుటుంబం ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే వాళ్ల శిల్పి బాడిస పట్టాలి. వద్దంటే ఆ చోటు మస్క్వియమ్, స్క్వామిష్, స్లేవాటూత్ శిల్పుల పనికి ఇవ్వాలన్నది నా అభిప్రాయం.