లేబుల్ పక్కన గీసిన రెండక్షరాలు

బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్లిన్ రెండో ఆల్బమ్ 1969లో వచ్చింది. అమెరికాలో అచ్చయిన తొలి రికార్డుల్లో కొన్నిటి కోసం సేకర్తలు ఇవాళ్టికీ చాలా డబ్బు పెడతారు. పక్కనే ఉన్న మరో తొలి రికార్డుకు ఆ ధర రాదు. కవరు ఒకటే, పాటలూ అవే. తేడా తెలియాలంటే పాటలు అయిపోయాక లేబుల్‌కు ముందు ఖాళీగా మెరిసే పట్టీని దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూడాలి. అక్కడ ఆర్‌ఎల్, ఎస్‌ఎస్ అని చేత్తో గీసి ఉంటే, అచ్చుకు మూలమైన పలక మీద ఆ గాడి కోసినవాడు స్టూడియో స్టెర్లింగ్ సౌండ్‌లో పనిచేసిన రాబర్ట్ లుడ్విగ్. బేస్‌ను అణచకుండా, మోత తగ్గించకుండా కోశాడాయన. అలాంటి గాడి అటూ ఇటూ విపరీతంగా ఊగుతుంది. చవక ప్లేయర్లలో సూది ఆ వంపులు పట్టలేక గెంతడంతో కంపెనీ మళ్లీ మెత్తగా కోయించింది. ఆ మెత్తటివీ ‘ఒరిజినల్సే’, కానీ డ్రమ్ము దెబ్బలో పస పోయింది. రెండు వైపులా అక్షరాలు చూసుకోకుండా డబ్బు కట్టకూడదు.

అందుకే పాత ముద్రణ కొనాలా, అదే ఆల్బమ్ కొత్తగా అచ్చు వేసిన రీఇష్యూ కొనాలా అని తేల్చుకునే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: స్టూడియోలో పాటలు ఎక్కించిన ఏ టేపు నుంచి, ఎవరు కోశారు?

ఎల్పీ, అంటే నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డు, ఒక్కో చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది. బయటి అంచున సూది కింద సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్ల గాడి జారిపోతే, చివరి పాట దగ్గర 21 సెంటీమీటర్లే. 10,000 హెర్ట్జ్ శబ్దం ఒక్కో అల అంచున 51 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) పొడవుంటుంది, లోపల 21 మైక్రాన్లకు కుంచించుకుపోతుంది. మామూలు గుండ్రటి సూది మొన వ్యాసార్థమే 15 నుంచి 18 మైక్రాన్లు. అది ఆ అలల మధ్యకు దిగలేదు. చివరి పాటలో సింబల్స్, ‘స’ శబ్దాలు గరగరలాడేది ఇందుకే. బేస్‌ది వేరే సమస్య, దానికి వెడల్పు కావాలి. కోసేటప్పుడు 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 19 డెసిబెల్స్ తగ్గించి, వినేటప్పుడు సూది సంకేతాన్ని పెంచే ఫోనో ఆంప్‌లో అంతే పెంచుతారు. అయినా ఒక్కో వైపు 20 నిమిషాలు దాటితే ఇంజనీరు మోతనో బేస్‌నో వదులుకోక తప్పదు. అదే ఆల్బమ్‌ను 45 ఆర్‌పీఎం (నిమిషానికి 45 చుట్లు) మీద రెండు రికార్డులకు పరిస్తే వేగం 35 శాతం పెరుగుతుంది. రీఇష్యూల్లో నిజంగా చెవికి అందే మెరుగు ఇది. రీఇష్యూల మీద గొప్పగా రాసే 180 గ్రాముల బరువు మాత్రం గాడిని ఏమీ మార్చదు. ప్లేటు మందంగా ఉంటుంది, అంతే.

ఇక టేపు సంగతి. పాత రికార్డుకున్న పెద్ద బలం, కోసేనాటికి టేపు తాజాగా ఉండటం. 1970ల్లో వాడిన అంపెక్స్ 456 లాంటి టేపుల్లో అయస్కాంత పొడిని పట్టి ఉంచే బంక గాలిలోని తేమ పీల్చి జిగటగా మారుతుంది. తిప్పితే టేపును చదివే హెడ్లకు అంటుకుంటుంది. దాదాపు 54 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఆరబెడితేనే మళ్లీ కొన్నాళ్లు పాడుతుంది. అయితే పాత రికార్డులన్నీ అసలు టేపు నుంచే వచ్చాయనుకోవద్దు. బ్రిటిష్ బృందాల టేపులు అమెరికాకు తరచు కాపీలుగా వెళ్లాయి. ఒక్క కాపీతోనే టేపు బుస సుమారు 3 డెసిబెల్స్ పెరుగుతుంది. రికార్డింగు ఏ దేశంలో జరిగిందో ఆ దేశపు తొలి ముద్రణను ముందు వెతకమనేది ఇందుకే.

రీఇష్యూల్లోనూ ఇదే లెక్క. బీటిల్స్ స్టీరియో ఎల్పీలను 2012లో డిజిటల్ ఫైళ్ల నుంచి కోశారు. 2014లో మోనో ఎల్పీలను లండన్ స్టూడియో అబీ రోడ్‌లో అసలు అనలాగ్ టేపుల నుంచి నేరుగా కోశారు. అరిగిపోయిన 1960ల ప్రతి కంటే ఆ మోనో రికార్డులు ఎంతో మేలు. డిజిటల్ అనగానే మొహం చిట్లించడమూ సరికాదు. అమెరికా రీఇష్యూ కంపెనీ మొబైల్ ఫిడెలిటీ ఖరీదైన రికార్డుల తయారీలో డిజిటల్ దశ ఉందని 2022లో బయటపడేదాకా, వాటిని అనలాగ్ నాణ్యతకు నమూనాలుగా మెచ్చుకున్నవారు ఎందరో.

అసలు హాని చేసేది శబ్దం హద్దు దాటకుండా ఆపే పరికరం, లిమిటర్. 1990ల నుంచి చాలా సీడీ రీఇష్యూల్లో శబ్దాన్ని గట్టిగా వినిపించడానికి శిఖరాలు కత్తిరించారు. డ్రమ్ము దెబ్బ గిటారు మోతతో సమానమైపోతుంది. మెల్లని, గట్టి శబ్దాల మధ్య తేడా కొలిచే డైనమిక్ రేంజ్ మీటర్ చూసి ఎల్పీ మేలని తీర్పిచ్చేవారు ఒకటి గమనించాలి. అదే కత్తిరించిన ఫైలు నుంచి కోసినా, గాడిలోంచి వచ్చేసరికి ఫేజ్ (అలలు ఒకదానితో ఒకటి కలిసే సమయం) జరిగి శిఖరాలు మళ్లీ లేస్తాయి, మీటర్ ఎక్కువ అంకె చూపిస్తుంది. పోయిన దెబ్బ మాత్రం తిరిగి రాదు.

పాత, కొత్త రికార్డులు రెండిటినీ పోల్చాలంటే ముందు రెండు రికార్డులూ కడగాలి. సూది అమర్చిన ఒకే కార్ట్రిడ్జ్‌తో, తయారీదారు చెప్పిన బరువు మీద (చాలావాటికి 2 గ్రాములకు అటూ ఇటూ) 24 బిట్ల డిజిటల్ ఫైళ్లుగా రికార్డు చేసుకోవాలి. తర్వాత మోత సమం చేసి, ఏది ఏదో తెలియకుండా మరొకరి చేత వేయించుకుని వినాలి. 1 డెసిబెల్ ఎక్కువున్నది ‘స్పష్టంగా’ ఉన్నట్టు తోస్తుంది, నిజానికి అది మోతే.

బ్రిటిష్ కంపెనీ ఈఎంఐ రికార్డయితే పట్టీ మీద ఇంకో ఆధారం ఉంటుంది. జీ, ఆర్, ఏ, ఎం, ఓ, పీ, హెచ్, ఎల్, టీ, డీ అక్షరాలు వరుసగా 1 నుంచి 9, ఆపై 0. ‘జీఆర్’ ఉంటే 12వ స్టాంపర్, అంటే రికార్డును అచ్చొత్తే లోహపు అచ్చు. చిన్న అంకె అంటే తొలి విడత. అయితే ఒక్కో స్టాంపర్ వందల కాపీలు అచ్చు వేస్తుంది కాబట్టి, చిన్న అంకె ఉన్న రికార్డు కూడా అరిగిన స్టాంపర్ చివరి కాపీ కావచ్చు.

కొత్త రికార్డుల్లో తరచు కనిపించే లోపం నడిమి రంధ్రం జరగడం. అర మిల్లీమీటరు జరిగితే చివరి పాటలో శ్రుతి ప్రతి 1.8 సెకన్లకోసారి అర్ధస్వరంలో ఏడో వంతు పైకీ కిందికీ ఊగుతుంది. గిటారులో అంతగా తెలియదు, నిదానంగా సాగే పియానోలో వెంటనే దొరికిపోతుంది. సూది పెట్టి, దాన్ని మోసే చెయ్యి అయిన టోన్‌ఆర్మ్‌ను పై నుంచి చూడండి. అది అటూ ఇటూ తూగుతుంటే ఆ ప్రతిని వాపసు ఇచ్చేయండి.