అతుకులు వెతికే ఆట

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

డాక్యుమెంటరీ పెట్టుకుని పది నిమిషాలు తిరక్కుండానే చానెల్ మార్చేస్తారని మీ మీద ఒక ఫిర్యాదు ఉంది. అందులో మీ తప్పు సగమే. చూసి లేవగానే ‘ఏం నేర్చుకున్నావ్?’ అని అడిగే పెద్దవాళ్లది మిగతా సగం. సినిమా చూసొచ్చిన పిల్లల్ని ఎవరూ అలా అడగరు కదా. ప్రశ్న వస్తుందని తెలిశాక ఎంత మంచి బొమ్మయినా పాఠమైపోతుంది. అందుకని ఇంట్లో ముందే ఒప్పందం చేసుకోండి: రాత్రి భోజనానికి ముందు ఒక భాగం, 50 నిమిషాలు, తర్వాత పరీక్ష ఉండదు. వరసగా మూడు భాగాలు మాత్రం చూడొద్దు. మూడోది చూసేసరికి మొదటిది తుడిచిపెట్టుకుపోతుంది.

దాన్ని గారడీ చూసినట్టు చూడండి. మొదట నోరు తెరుచుకుని చూడాలి. ఆనక ‘ఇదెలా తీశారబ్బా’ అని మొదలుపెట్టాలి. ఆ రెండో చూపు అలవాటైతే మీరు చానెల్ మార్చరు.

2016లో వచ్చిన ‘ప్లానెట్ ఎర్త్ 2’ అనే బీబీసీ వాళ్ల జంతువుల డాక్యుమెంటరీ ధారావాహికలో, పసిఫిక్ సముద్రంలోని గలాపగోస్ దీవుల దృశ్యం ఒకటుంది. ఇసుకలోంచి అప్పుడే పైకొచ్చిన ఇగువానా పిల్ల (మన తొండకు దూరపు చుట్టమే) ఒడ్డున ఉన్న బండల వైపు పరుగెడుతుంది. రాళ్ల సందుల్లోంచి పాములు గుంపుగా వెంటబడతాయి. చూస్తున్నంతసేపూ ఒకే పిల్ల, ఒకే పరుగు అనిపిస్తుంది. నిజానికి వేర్వేరు పిల్లల పరుగుల్లోంచి ముక్కలు తీసి కూర్చిన దృశ్యమది. తీసినవాళ్లే ఆ సంగతి తర్వాత చెప్పారు. పాములు నిజం, పరుగు నిజం, తప్పించుకోవడమూ నిజం. ఒకే పిల్ల అన్నది మాత్రం కూర్పులో పుట్టింది.

ఇలాంటి అతుకులు పట్టుకోవడం గొప్ప ఆట. నీడ చూడండి: ఒక ముక్కలో ఎడమకు పడిన నీడ మరుక్షణం కుడికి పడితే, మధ్యలో గంటలు గడిచాయన్నమాట, లేదా కెమెరా అటువైపు వెళ్లిందన్నమాట. రెండిట్లో ఏదో తేల్చడానికి వెనకున్న కొండనో చెట్టునో గుర్తు పెట్టుకోండి. జింక చెవికున్న చిరుగు, పులి చెంప మీది చార, ఒంటికంటిన బురద, తడి ఇవన్నీ సాక్షులే. వేటాడే జంతువు ముఖం, పారిపోయే జంతువు ముఖం ఒకే చట్రంలో (ఫ్రేములో) ఒక్కసారైనా కనిపించాయా లేదా చూడండి. కనిపించకపోతే ఆ రెండూ ఒకే రోజు అక్కడున్నాయని బొమ్మ మీకు చూపించలేదు, మీరే ఊహించుకున్నారు.

ఇదంతా మోసం అనుకోకండి. ‘ప్లానెట్ ఎర్త్ 2’ 6 భాగాల కోసం 40 దేశాలకు 117 సార్లు వెళ్లి, మొత్తం 2,089 రోజులు చిత్రీకరించారు. భాగాలన్నీ కలిపి 300 నిమిషాలు వేసుకుంటే, తెర మీద ఒక్కో నిమిషానికి దాదాపు 7 రోజుల పడిగాపులు. అడవి మన చేతి గడియారం చూసుకుని నడవదు, కూర్చక తప్పదు. ఇలాంటి ధారావాహికల్లో చాలావాటికి ఒక్కో భాగం చివర ఎలా తీశారో చూపించే సుమారు 10 నిమిషాలుంటాయి. పేర్లు పడుతున్నాయి కదా అని లేచిపోతే ఆ భాగమంతటిలోకి రుచికరమైన ముక్క పోగొట్టుకున్నట్టే.

మోసమంటే ఏమిటో కూడా తెలియాలి. లెమ్మింగులని చలిదేశాల్లో చిట్టెలుకల్లాంటి జంతువులుంటాయి. అవి గుంపుగా సముద్రంలో దూకి చచ్చిపోతాయని 1958లో ఒక అమెరికన్ చిత్రం చూపించింది, దానికి ఆస్కార్ కూడా వచ్చింది. ఆ దృశ్యం తీసింది కెనడాలోని ఆల్బెర్టాలో. ఆ రాష్ట్రానికి సముద్రమే లేదు! జంతువుల్ని కొని తెచ్చి, గట్టు మీంచి నదిలోకి తోసి తీశారని 1982లో కెనడా టీవీ వాళ్లు బయటపెట్టారు. తేడా గమనించండి. ఇగువానా దృశ్యం జరిగే సంగతినే కూర్చి చెప్పింది. లెమ్మింగుల దృశ్యం జరగని సంగతిని జరిగినట్టు పుట్టించింది. మొదటిదాన్ని క్షమించవచ్చు. రెండోదాన్ని కాదు.

ఇప్పుడు చెవుల సంగతి. మంచులో నడిచే ఎలుగుబంటిని చాలా దూరం నుంచి పెద్ద లెన్సుతో తీస్తారు. లెన్సు బొమ్మను దగ్గరకు లాగగలదు గానీ చప్పుడును లాగలేదు. అక్కడ మైకుకు దక్కేది గాలిహోరే. మరి అడుగుల కరకర ఎక్కడిది? స్టూడియోలో బొమ్మ చూస్తూ చప్పుళ్లు పుట్టించే కళాకారులుంటారు, ఫోలీ ఆర్టిస్టులంటారు వాళ్లను. మంచు మీద అడుగులకు మొక్కజొన్న పిండి వాడడం వాళ్లకు పాత విద్య. మీరూ చేయొచ్చు. మందపాటి పాత సాక్సులో రెండు గుప్పెళ్ల కార్న్‌ఫ్లోర్ పోసి, మూతి గట్టిగా ముడివేసి, చెవి దగ్గర పెట్టుకుని వేళ్లతో నొక్కండి. సన్నటి రేణువులు ఒకదానితో ఒకటి ఒరుసుకుని కిర్రుమంటాయి. పల్చటి గుడ్డయితే పిండి రాలుతుంది కాబట్టి పెరట్లో చేయండి. పిండి తడిస్తే చప్పుడు రాదు.

సంగీతం చేసే పని పట్టుకోవాలంటే చూసేసిన భాగంలోంచి 5 నిమిషాలు మళ్లీ పెట్టి, శబ్దం పూర్తిగా తీసేయండి. ఒకరు తెలుగులో వ్యాఖ్యానం చెప్పాలి, మిగతావాళ్లు వినాలి. ఒకసారి చిరుతకు వకాల్తా పుచ్చుకుని చెప్పండి: పిల్లలు మూడు రోజులుగా ఆకలితో ఉన్నాయని. ఇంకోసారి జింక తరఫున చెప్పండి. బొమ్మ అదే, విలన్ మారిపోతాడు.

టీవీని కాస్త సరిచేస్తే ఈ ఆట ఇంకా బాగుంటుంది. కొత్త టీవీల్లో బొమ్మను నున్నగా చేసే ‘మోషన్’ సదుపాయం ఆన్ చేసి ఉంటుంది. అది రెండు చట్రాల మధ్య లేని బొమ్మను తానే అల్లి పెడుతుంది. క్రికెట్‌కు ఫరవాలేదు గానీ, పక్షి రెక్కల చుట్టూ మరక కమ్మినట్టు కనిపిస్తే అది కెమెరా లోపం కాదు, ఈ అల్లిక లోపం. సెట్టింగుల్లో దాన్ని ఆపేసి, పిక్చర్ మోడ్ ‘సినిమా’లో పెట్టండి. సంగీతం హోరెత్తుతూ మాట వినబడకపోతే ఆడియోను స్టీరియోకి మార్చండి. ఎక్కువ స్పీకర్ల కోసం కలిపిన శబ్దంలో మాట నడిమి స్పీకర్లోకి వెళ్తుంది. టీవీకి ఉన్న రెండు చిన్న స్పీకర్లలో అది నలిగిపోతుంది. 43 అంగుళాల టీవీకి 6 నుంచి 8 అడుగుల దూరం సరిపోతుంది.

ఇంగ్లిష్ వేగం అందకపోతే సిగ్గుపడకండి. సెట్‌టాప్ బాక్స్ రిమోట్‌లో భాష మార్చే బటన్ ఉంటుంది, డిస్కవరీ లాంటి చానెళ్లలో తెలుగు దొరుకుతుంది. ఒకే బొమ్మకు పలు భాషల మాట అతికించే ఈ ఏర్పాటు తెలుగు ఊళ్లకు కొత్తది కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఇస్రో, అమెరికా నాసా కలిసి ‘సైట్’ అనే ప్రయోగం చేశాయి. ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లోని 2,400 ఊళ్లకు టీవీ కార్యక్రమాలు పంపారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు సేద్యం, ఆరోగ్యం గురించి. ఒక బొమ్మతో రెండు భాషల శబ్దం పంపే వీలు అందులో ఉంది. ఊళ్లో పెట్టిన యాంటెనా 3 మీటర్ల గొడుగు. దాన్ని రేకుతో చేయలేదు, కోళ్ల దొడ్డికి కట్టే తీగ వలతో చేశారు! అన్ని చిల్లులున్నా ఎలా పనిచేసిందంటే, వచ్చే తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. వల కన్ను అంతకంటే చాలా చిన్నది కాబట్టి తరంగానికి అది నిండు గోడతో సమానం. ఇప్పటి డీటీహెచ్ తరంగం రెండున్నర సెంటీమీటర్లే. ఇప్పటి గొడుగు చిన్నదవడానికి, కోళ్ల వల దానికి పనికిరాకపోవడానికి అదే కారణం.

ఒక చిన్న నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి. భాగానికి మూడు వరసలు చాలు: చూసినదాని పేరు, ఆశ్చర్యపోయిన సంగతి, తీరని సందేహం. నాలుగో వరస రాశారంటే మళ్లీ బడి మొదలైనట్టే. పేర్లు మాత్రం తెలుగులో రాయండి. డబ్బింగులో పాంగోలిన్, హైనా, కింగ్‌ఫిషర్ అని అలాగే వదిలేస్తుంటారు. అవి మన అలుగు, దుమ్ములగొండి, లకుముకి పిట్ట. సొంత పేరు తెలియగానే ఆ జంతువు పొరుగూరిదైపోతుంది. కొలతలు కూడా అంతే. 30 మీటర్ల నీలి తిమింగలం అంటే మనసుకు ఎక్కదు. మన ఆర్టీసీ బస్సులు రెండున్నర వరసగా నిలబెట్టినట్టు అనుకోండి. చలి లెక్క ఫారన్‌హీట్‌లో చెబితే తికమక పడతారు గానీ, మైనస్ 40 దగ్గర రెండు కొలమానాలూ ఒక్కటే.

ఫ్లెమింగోల గురించి చూశారా, చలికాలంలో పులికాట్ సరస్సుకు వెళ్లమని ఇంట్లో అడగండి. పెలికాన్లయితే, వాటిని మనం గూడబాతులంటాం, పులికాట్ దగ్గరి నేలపట్టులోనూ గుంటూరు దగ్గర ఉప్పలపాడులోనూ ఉంటాయి. అక్కడ దగ్గరి చూపు ఉండదు, వెనక సంగీతం ఉండదు. అరగంట పాటు ఏమీ జరగకపోవచ్చు. టీవీలో కత్తిరించి పారేసింది ఆ అరగంటనే.

వేట దృశ్యం వచ్చేముందు, పక్కన చిన్నవాళ్లుంటే ఒక మాట చెప్పి ఉంచండి. వాళ్ల కళ్లు మూయొద్దు, బలవంతంగా చూపించొద్దు.

చివరగా ఒక పని అప్పజెబుతున్నాను. మన టీవీలో సెకనుకు 25 బొమ్మలు నడుస్తాయి. సెకనుకు 1,000 బొమ్మలు తీసి 25 చొప్పున చూపిస్తే కాలం 40 రెట్లు సాగుతుంది. 10 నిమిషాలకొక బొమ్మ తీసి అదే వేగంతో చూపిస్తే రోజంతా 144 బొమ్మలు, అంటే 6 సెకన్ల లోపే. మొలక లేవడం, పువ్వు విచ్చడం అన్నీ ఈ లెక్కే. మీరు అలసంద గింజతో చేయండి. నాలుగైదు గింజలు రాత్రంతా నానబెట్టండి. గాజు గ్లాసు లోపల తడి కాగితం మడిచి పెట్టి, గాజుకూ కాగితానికీ మధ్య గింజల్ని ఇరికించండి. అడుగున ఒక వేలు మందం నీళ్లు ఉంచండి. రెండు బొమ్మల మధ్య వ్యవధి మనమే పెట్టుకునే యాప్ ఉన్న పాత ఫోనును ఇటుకల మధ్య బిగించి, చార్జరు తగిలించి, ఫోకస్‌నూ వెలుతురునూ లాక్ చేయండి. 3 రోజులకు 432 బొమ్మలు, 17 సెకన్ల వీడియో.

చెడేది ఇక్కడే. కిటికీ దగ్గర పెడితే పగలు తెల్లబారి, రాత్రి నల్లబడి వీడియో మిణుకుమిణుకుమంటుంది. కిటికీ మూసి ఒకే ఎల్ఈడీ దీపం మూడు రోజులూ వెలిగించి ఉంచాలి. కరెంటు పోతే ఆ నల్ల బొమ్మలు తీసేయండి. నీళ్లు పోయాల్సి వస్తే గ్లాసు కదపకుండా అంచు వెంట స్పూనుతో పోయండి. బల్లకు చెయ్యి తగిలితే మొలక ఎగిరి గంతేసినట్టు కనిపిస్తుంది.

వీడియో పూర్తయ్యాక నాకు పంపండి. అందులో ఎక్కడ అతికించారో, ఏ బొమ్మలు తీసేశారో చెప్పకండి. నేను వెతుకుతాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య