కారు వెనక 60 కిలోల ఊపు

అమెరికాలో లాంగ్ వీకెండ్ వచ్చిందంటే హైవేల మీద కార్ల వెనక సైకిళ్ళు కనబడతాయి. ఈ మధ్య వాటిలో ఎలక్ట్రిక్ సైకిళ్ళు బాగా పెరిగాయి. వాటిని విమానంలో తీసుకెళ్దామంటే కుదరదు. 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలోకి రానివ్వరు. సైకిల్ బ్యాటరీ మామూలుగా 400 నుంచి 700 దాకా ఉంటుంది. అందుకే కారు వెనక ట్రైలర్ తగిలించడానికి ఉండే హిచ్‌కి ర్యాక్ తగిలించి దాని మీద ఎక్కిస్తారు. డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళూ అంతే. అయితే మామూలు సైకిల్‌కు పనికొచ్చిన ర్యాక్ దీనికీ పనికొస్తుందిలే అనుకుంటేనే చిక్కు.

మామూలు సైకిల్ బరువు 10 నుంచి 15 కిలోలు. ఎలక్ట్రిక్ సైకిల్ 20తో మొదలై, లావు టైర్ల రకమైతే 30 దాటిపోతుంది. పాత ర్యాకుల్లో చాలావాటికి ఒక్కో సైకిల్ పరిమితి 35, 40 పౌండ్లే, అంటే 16 నుంచి 18 కిలోలు. కాబట్టి మొదట చూడాల్సింది ర్యాక్ మొత్తం ఎంత మోస్తుందని కాదు, ఒక్కో సైకిల్‌కు ఎంత రాశారని.

తర్వాత హిచ్ సంగతి. చిన్న కార్లకు బిగించే క్లాస్ 1 హిచ్ మీద సాధారణంగా 200 పౌండ్లు, అంటే 90 కిలోలు అని ఉంటుంది. రెండు సైకిళ్ళు 60 కిలోలు, ర్యాక్ ఒక 25 కిలోలు, కలిపి 85. పరిమితి లోపలే ఉన్నాం కదా అనిపిస్తుంది. కానీ ఆ 90 కిలోల లెక్క ట్రైలర్ కోసం వేసింది. ట్రైలర్ భారం హిచ్ పిన్ (లోపల దూర్చిన కడ్డీ జారిపోకుండా ఆపే చీల) నుంచి సుమారు 25 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. సైకిళ్ళు అంత దగ్గరగా ఉండవు. మొదటిది 45 సెంటీమీటర్ల దూరంలో, రెండోది 70 దగ్గర ఉందనుకుందాం. నీళ్ళ బిందె చంకన పెట్టుకుంటే ఊరి చివరిదాకా నడవొచ్చు, అదే బిందెను చెయ్యి చాచి పట్టుకుంటే నిమిషం కూడా ఆగలేం. బరువును దూరంతో గుణిస్తే వచ్చే ఈ మెలితిప్పే శక్తిని టార్క్ అంటారు. ట్రైలర్ లెక్కలో అది 90 × 25, అంటే 2,250. మన ర్యాక్‌ను కూడా 50 సెంటీమీటర్ల దగ్గర వేసుకుంటే 1,350 + 2,100 + 1,250, మొత్తం 4,700. బరువు పరిమితి దాటలేదు, కానీ హిచ్ మీద పడే టార్క్ రెట్టింపు దాటింది. చాలా ర్యాక్ కంపెనీలు మూడు, నాలుగు సైకిళ్ళ రకాలకు 2 అంగుళాల రిసీవర్ (ర్యాక్ కడ్డీ దూరే హిచ్ గొట్టం) తప్పనిసరి అనేది ఇందుకే. డిక్కీ తలుపు తెరుచుకోవడానికి వీలుగా ఉంటుందని మధ్యలో ఎక్స్‌టెన్షన్ గొట్టం పెట్టేవాళ్ళున్నారు. దూరాన్ని ఇంకా పెంచే ఆ ముక్కను నేనైతే ఎలక్ట్రిక్ సైకిళ్ళకు వాడను.

ఇదంతా కారు నిలబడి ఉన్నప్పటి లెక్క. గతుకులో చక్రం పడి లేచినప్పుడు ర్యాక్ మీద పడే బలం క్షణంపాటు రెండు, మూడు రెట్లు కావచ్చు. పైగా ర్యాక్ వెనక ఇరుసుకు ఆవల వేలాడుతోంది కాబట్టి కారు ముక్కు కాస్త కిందికి వంగి లేస్తే చాలు, తోక చివర ఇంకా ఎక్కువ ఊగుతుంది. కంకర రోడ్ల మీద వెళ్తామా, మోటార్‌హోమ్ వెనక కడతామా అని ర్యాక్ కంపెనీలు వేరుగా అడిగి, పరిమితిని సగానికి తగ్గించడమో అసలు వద్దనడమో అందుకే చేస్తాయి.

ఒక్క పెద్ద కుదుపుకు విరిగే ర్యాకులు తక్కువ. చిన్న చిన్న కుదుపులు లక్షలసార్లు పడితే లోహం అలసిపోతుంది. 1842లో వెర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న రైలింజన్ ఇరుసు విరిగి ఘోరమైన ప్రమాదం జరిగింది. ఇలాంటి ఇరుసులు అంత తక్కువ భారానికే ఎందుకు విరుగుతున్నాయో జర్మన్ రైల్వే ఇంజనీరు ఔగుస్ట్ వోలర్ తర్వాతి దశాబ్దాల్లో వరసగా పరీక్షలు చేసి తేల్చాడు. ఒకసారి పడితే ఏమీ కాని బలం మళ్ళీమళ్ళీ పడితే పగులు పుట్టి మెల్లగా పాకుతుంది. ఉక్కుకైతే ఒక హద్దు ఉంది, దానికన్నా తక్కువ బలాన్ని ఎన్నిసార్లయినా భరిస్తుంది. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు, చిన్న బలాలకైనా ఎప్పుడో ఒకప్పుడు లొంగుతుంది. తేలిగ్గా ఉంటుందని కొనే ర్యాకుల్లో చాలా భాగం అల్యూమినియమే. అందుకే సీజన్ మొదట్లో అతుకుల దగ్గర, బోల్టు రంధ్రాల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్ళున్నాయేమో టార్చ్ వేసి చూడటం అతి జాగ్రత్త కాదు.

రిసీవర్ గొట్టంలో ర్యాక్ కడ్డీ వదులుగా ఆడుతుంటే ఈ అలసట ఇంకా త్వరగా వస్తుంది. ప్రతి కుదుపుకూ ఇనుము ఇనుముకు తగిలి సుత్తిదెబ్బలా పడుతుంది. మంచి ర్యాకుల్లో ఆ సందును మూసే బిగింపు ఉంటుంది. బిగించాక ర్యాక్ పట్టుకుని గట్టిగా ఊపండి. ర్యాక్ ఒక్కటే కదిలితే ఇంకా బిగించాలి, కారు మొత్తం ఊగితే సరిపోయినట్టే.

ఇక సైకిల్‌ను పట్టి ఉంచడం. ఫ్రేమ్‌ను పైనుంచి వేలాడదీసే ర్యాకులు ఈ బరువుకు తగవు. చాలా ఎలక్ట్రిక్ సైకిళ్ళకు పై కడ్డీ వంగి ఉంటుంది, కొన్నిటికి ఉండనే ఉండదు. చక్రాలు కింద పళ్ళెంలో నిలబడే రకమే మేలు. కొక్కెం ముందు టైరు మీద బిగుస్తుంది కాబట్టి టైర్లో గాలి తగ్గితే పట్టు కూడా తగ్గుతుంది. వెనక చక్రం పట్టీని చాలామంది పేరుకే వేస్తారు. వెనక చక్రం మధ్యలోనే మోటార్ (హబ్ మోటార్) ఉన్న సైకిల్‌లో ఆ మోటార్ బరువంతా ఆ చక్రంలోనే ఉంటుంది, గతుకుకు మొదట ఎగిరేది అదే. లావు టైరుకు పొడుగు పట్టీ విడిగా కొనాల్సి రావచ్చు. అదనంగా కట్టే పట్టీ పాలిస్టర్‌దైతే మంచిది, తడిస్తే నైలాన్ సాగుతుంది. దాన్ని ఒక మెలిక తిప్పి కట్టండి, బల్లపరుపు పట్టీ గాలికి కొట్టుకుని రొద చేస్తూ వదులవుతుంది.

బరువైన సైకిల్ కారు వైపు ఉండాలి. ఎక్కించే ముందే పవర్ ఆపేసి బ్యాటరీ తీసేయండి. మూడు, నాలుగు కిలోలు తగ్గుతాయి, ఎత్తేటప్పుడు చెయ్యి తగిలి మోటార్ తిరగదు. బ్యాటరీ కనెక్టర్‌లోకి నీళ్ళు పోకుండా చిన్న మూత పెడితే చాలు. సైకిల్ మొత్తానికి తొడుగు వేసి హైవే ఎక్కొద్దు. గాలి తోపుడు వేగం వర్గంతో పెరుగుతుంది. 40 మైళ్ళ దగ్గర ఉన్నదానికి 70 దగ్గర మూడు రెట్లు, తొడుగు తెరచాపై కూర్చుంటుంది.

బండి నడపడమూ కొంత మారుతుంది. వెనక ఇరుసుకు ఒకటిన్నర మీటర్ల దూరంలో 85 కిలోలు వేలాడితే, ఇరుసుల మధ్య 2.7 మీటర్లున్న కారుకు ముందు చక్రాల మీద 47 కిలోల భారం తగ్గుతుంది. హెడ్‌లైట్లు కాస్త పైకి చూస్తాయి, తడి రోడ్డు మీద స్టీరింగ్ తేలికవుతుంది. సైలెన్సర్ గొట్టం నోరు సైకిల్ టైరుకు ఎదురుగా ఉందేమో కూడా చూసుకోవాలి, ఆ వేడికి రబ్బరు కరిగిన సందర్భాలున్నాయి. నంబర్ ప్లేట్ మూసుకుపోతే చాలా రాష్ట్రాల్లో జరిమానా వేస్తారు. పాతిక కిలోమీటర్లు వెళ్ళాక ఒకసారి ఆగి పట్టీలన్నీ మళ్ళీ బిగించండి.

తీసిన బ్యాటరీని కారు లోపల పెట్టుకుంటాం కదా, ఏసీ నడుస్తున్నంతసేపూ దానికి అదే మంచి చోటు. భోజనానికని ఆగి టెక్సాస్ ఎండలో కారు మూసి వెళ్తే మాత్రం లోపల వేడి 60 డిగ్రీలు దాటగలదు. అంత వేడిలో లిథియం బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది. నీడలో పార్క్ చేయండి, లేదా బ్యాటరీని సంచిలో వేసుకుని మీతోపాటే లోపలికి తీసుకెళ్ళండి.