బాటర్‌సీ విద్యుత్ కేంద్రం: మరమ్మతు ఖర్చు ఎవరి వంతు?

లండన్‌లో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున ఉన్న బాటర్‌సీ విద్యుత్ కేంద్రం 1983లో మూతపడింది. 2022 అక్టోబరులో దుకాణాలు, కార్యాలయాలు, ఇళ్లతో మళ్లీ తెరుచుకుంది. కూల్చడానికి వీల్లేని, ఆదాయమూ రాని ఇంత భారీ కట్టడాన్ని బాగుచేసే డబ్బు ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్న తేలడానికే ఇన్నేళ్లు పట్టింది.

బొగ్గుతో నడిచిన ఈ కేంద్రం నిజానికి పక్కపక్కనే కట్టిన రెండు కేంద్రాలు. మొదటిది 1930లలోను, రెండోది 1955లోను పూర్తయ్యాయి. ఇటుక గోడలకు, నాలుగు తెల్లని పొగగొట్టాలకు రూపమిచ్చినవారు గైల్స్ గిల్బర్ట్ స్కాట్. పాత సగం 1975లోనే ఆగిపోగా, 1980లో ప్రభుత్వం దీన్ని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చింది.

1987లో వినోద పార్కుల వ్యాపారి జాన్ బ్రూమ్ దీన్ని కొని, భవనం లోపలే పార్కు పెట్టాలనుకున్నారు. యంత్రాలను బయటికి తీయడానికి పైకప్పును, పడమటి గోడను తొలగించాక అంచనాలు ఎన్నో రెట్లు పెరిగి, 1989లో పని నిలిచిపోయింది. అసలు నష్టం మూతపడటం వల్ల కాక, బాగుచేస్తామని వచ్చినవారు మధ్యలో వదిలేయడం వల్ల జరిగింది. లోపలి ఉక్కు చట్రం ఏళ్ల తరబడి వానకు తడిసింది. తర్వాత 1993లో పార్క్‌వ్యూ అనే నిర్మాణ సంస్థ, 2006లో 40 కోట్ల పౌండ్లకు ఒక ఐర్లాండ్ సంస్థ దీన్ని కొన్నాయి. వాస్తుశిల్పి రఫాయెల్ విన్యోలీతో స్థలమంతటికీ ప్రణాళిక గీయించి, అనుమతులు కూడా తెచ్చుకున్న ఆ ఐర్లాండ్ సంస్థ 2011లో అప్పుల భారంతో చేతులెత్తేసింది.

2012లో మళ్లీ 40 కోట్ల పౌండ్లకే కొన్న మలేసియా సంస్థల కూటమి పనుల వరుసను ఆలోచించి పెట్టుకుంది. సుమారు 42 ఎకరాల స్థలంలో ముందు పడమటి వైపు కొత్త అపార్ట్‌మెంట్లు కట్టి అమ్మారు; అందులో తొలి నివాసులు 2017లోనే చేరారు, అప్పటికి పాత భవనంలో పని ఇంకా నడుస్తూనే ఉంది. నార్తర్న్ లైన్ మెట్రోను ఇక్కడిదాకా పొడిగించే ఖర్చులో కూడా వాటా భరించారు. తుప్పు పట్టిన పొగగొట్టాలను మరమ్మతు చేస్తే చాలని పరిరక్షణవాదులు వాదించినా, నాలుగింటినీ విప్పి, పాత నమూనాలోనే తిరిగి కట్టారు. కాబట్టి ఇప్పుడు కనిపించే పొగగొట్టాలు స్కాట్ కాలం నాటివి కావు. తూర్పున, దక్షిణాన లేచిన ఎత్తైన భవనాల వల్ల ఒకప్పుడు దూరం నుంచి ఒంటరిగా కనిపించిన కేంద్రం కొన్ని వైపుల నుంచి దాదాపు మరుగునపడింది. ఇది నాకు ఇబ్బందిగానే తోస్తుంది కానీ, ఆ భవనాలను అమ్మిన డబ్బు లేకపోతే కేంద్రానికి పైకప్పు వచ్చేది కాదన్నది కూడా నిజం.

దీనికి మూల్యం వేరేచోట చెల్లింది. వేల ఇళ్ల ఈ ప్రాజెక్టులో తక్కువ ధర ఇళ్లు 636 ఉండాలన్నది మొదటి ఒప్పందం. కేంద్రం మరమ్మతులో సాంకేతిక చిక్కులు, పెరిగిన ఖర్చులు చూపి, 2017లో ఆ సంఖ్యను 386కు తగ్గించమని నిర్మాతలు కోరారు. ఇటుక గోడలకు రక్షిత కట్టడాల చట్టం అండగా ఉంది. ఆ ఇళ్లకున్నది తిరగరాసుకోగల ఒప్పందం మాత్రమే. లాభాలు బాగుంటే మిగిలిన 250 ఇళ్ల సంగతి తర్వాత చూడవచ్చన్న ఏర్పాటుతో వాండ్స్‌వర్త్ స్థానిక మండలి అందుకు అంగీకరించింది.