రాగి జావ, బాక్టీరియా ముద్ద

కడపలో మా జేజి రాగి జావ కాచేముందు పిండిలో చారెడు నీళ్లే పోసేది. వేళ్లతో మెత్తగా కలిపాకే మిగతా నీళ్లు. నేను తొందరపడి చెంబెడు గుమ్మరిస్తే, "ఉండలు కడ్తాదిరా, ఇంక ఎంత తిప్పినా కరగదు" అనేది. చాలా ఏళ్లకు ల్యాబ్‌లో నేను చేసిన తప్పూ అదే.

ఇన్సులిన్ లాంటి ప్రోటీన్లను ఈ.కోలై బాక్టీరియా చేత చేయించడం పాత సంగతే. అలా తయారైన మందుకు అమెరికాలో 1982లో అనుమతి వచ్చింది. ల్యాబ్‌లో బాక్టీరియాను ద్రవంలో పెంచి సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో గిరగిరా తిప్పితే, సీసా అడుగున గోధుమరంగు ముద్ద దిగుతుంది. దాన్నే పెల్లెట్ అంటాం. గ్రాము ముద్దలో దాదాపు లక్ష కోట్ల కణాలుంటాయి. మనకు కావలసిన ప్రోటీన్ వాటి లోపల ఉంది. కణాలను పగలగొట్టాలి, అంతకుముందు బఫర్‌లో, అంటే ఆమ్ల గుణం (పీహెచ్) మారనివ్వని ద్రావణంలో, విడివిడిగా కలపాలి. పరిశోధన పత్రాల్లో ఈ పనికి ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. చేసేవాడికి మాత్రం అరగంట చెయ్యి నొప్పి.

ఉండ మిగిలితే ఏం? దాని పైపొరకే లైసోజైమ్ తగులుతుంది. కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే ఈ ఎంజైమ్ బాక్టీరియా గోడను కోస్తుంది. ఉండ నడిమధ్యకు అది చేరదు, శబ్ద తరంగాలతో కణాలను పగలగొట్టే సోనికేటర్ దెబ్బ కూడా సరిగా తగలదు.

గ్రాముకు ఐదు మిల్లీలీటర్ల బఫర్ అనుకుంటే, మొదట ఒక మిల్లీలీటరే పోయాలి. వెడల్పు మూతి పిపెట్‌తో మెల్లగా పీల్చి వదులుతూ చిక్కటి జావలా చేశాకే మిగతాది. నురగ రానివ్వకూడదు, బుడగల అంచుల్లో ప్రోటీన్లు రూపం చెడిపోతాయి. అంతా ఐస్ మీదే. ఏప్రిల్‌లో బయట 40 డిగ్రీలు దాటే మా ఊళ్లో, కరెంటు పోయిన మధ్యాహ్నం ఈ పని పెట్టుకుంటే టెన్షనే. కణం పగిలితే ప్రోటీన్లను తినేసే ఎంజైమ్‌లూ బయటపడతాయి, వేడికి వాటి జోరు పెరుగుతుంది. వాటిని ఆపే పీఎంఎస్ఎఫ్ అనే రసాయనం కూడా ఎక్కువసేపు నిలవదు. పీహెచ్ 8 బఫర్‌లో, 25 డిగ్రీల దగ్గర, 35 నిమిషాల్లో సగం పోతుంది. అందుకే దాన్ని చివరి నిమిషంలో కలుపుతాం.

ఒక్కోసారి ముద్ద కలుపుతుండగానే బెండకాయ జిగురులా తీగలు సాగుతుంది. ఫ్రీజర్లో పెట్టి తీసిన పెల్లెట్‌లో ఇది మామూలే. గడ్డకట్టినప్పుడు కొన్ని కణాలు చిట్లి డీఎన్ఏ బయటికొస్తుంది. మిల్లీమీటరులో ఐదు వందలో వంతు ఉండే కణంలో ఒకటిన్నర మిల్లీమీటర్ల డీఎన్ఏ చుట్టుకుని ఉంటుంది మరి. ఆ జిగురును ఎంత చిలికినా లాభం లేదు. డీఎన్ఏను కత్తిరించే ఎంజైమ్ డీఎన్ఏజ్ కాస్త, దానికి అవసరమైన మెగ్నీషియం వేసి ఐస్ మీద వదిలేస్తే పలచబడుతుంది. ఈడీటీఏ అనే రసాయనం మాత్రం వేయకూడదు. అది మెగ్నీషియాన్ని పట్టేస్తుంది, తర్వాత మన ప్రోటీన్‌ను వేరుచేయడానికి వాడే నికెల్ కాలమ్‌లోంచి నికెల్‌నూ లాగేస్తుంది.

సోనికేషన్ అయ్యాక మళ్లీ తిప్పితే, అడుగున పెద్ద ముద్దే దిగి, ప్రోటీన్ అంతా అందులోనే కనిపించవచ్చు. "నా ప్రోటీన్ కరగడం లేదు" అని నేను రెండు వారాలు బఫర్లు మార్చాను. చివరికి ఒక చుక్క మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, కణాలు గుంపులు గుంపులుగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి.