‘డిటెస్ట్’: శాపం నుంచి అసహ్యం దాకా

‘డిటెస్ట్’ అనే ఇంగ్లీషు క్రియకు నిఘంటువులు తీవ్రంగా అసహ్యించుకోవడం, ఏవగించుకోవడం అని అర్థం చెబుతాయి. మన ‘అసహ్యం’ సహించలేకపోవడం నుంచి వచ్చింది కాబట్టి అది మొదటినుంచీ మనసులోని సంగతే. ‘డిటెస్ట్’ అలా కాదు. అది నలుగురి ఎదుట, నోరు తెరిచి చేసిన పనికి పేరుగా పుట్టింది.

దాని మూలమైన లాటిన్ క్రియ ‘డిటెస్టారి’లోని ‘టెస్టారి’కి సాక్షిగా పిలవడమని అర్థం. దేవుణ్ణి సాక్షిగా పిలిచి ఎదుటివారిని శపించడం ‘డిటెస్టారి’. అన్యాయానికి గురైనవారు ‘పైవాడు చూస్తూనే ఉన్నాడు’ అంటూ శాపనార్థాలు పెట్టడం చూసిన తెలుగువారికి ఈ భావాన్ని వేరే వివరించనక్కర్లేదు. రోమన్ల ధర్మశాస్త్రంలో దీనికి మరో ప్రయోగం ఉంది. స్వతంత్రుడైన వ్యక్తి దత్తతతో వేరొక వంశంలోకి వెళ్లేటప్పుడు, పుట్టింటి కులదైవాల ఆరాధనను వదులుకుంటున్నానని చేసే బహిరంగ ప్రకటనను ‘డిటెస్టాషియో’ అనేవారు. దత్తతతో గోత్రం మారే మన ఆచారం ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఆ ప్రకటన జరిగే ప్రజాసభలోనే పూర్వం వీలునామాలు కూడా ప్రకటించేవారని రోమన్ రచయిత ఆలస్ గెలియస్ రాశాడు. వీలునామాకు లాటిన్ మాట ‘టెస్టామెంటమ్’ కూడా ఈ ధాతువు బిడ్డే. ‘ప్రొటెస్ట్’, ‘కాంటెస్ట్’, ‘అటెస్ట్’ కూడా ఈ కుటుంబానివే. పరీక్ష అనే అర్థంలోని ‘టెస్ట్’కు మాత్రం దీనితో సంబంధం లేదు, అది లోహాల మేలిమిని తేల్చడానికి వాడిన మట్టిమూసను సూచించే మాట నుంచి వచ్చింది.

‘టెస్టారి’కి ఆధారమైన ‘టెస్టిస్’ అంటే సాక్షి. ఇద్దరి మధ్య వ్యవహారం నడుస్తుండగా పక్కన నిలబడిన మూడోవాడు అన్నది దాని మూలార్థమని భాషావేత్తలు సాధారణంగా అంగీకరిస్తారు. అందులో మొదటి భాగం సంస్కృతంలోని ‘త్రి’కి, రెండోది ‘స్థా’ ధాతువుకు చుట్టం. మన ‘తటస్థుడు’ అనే మాటలో గట్టున నిలబడ్డవాడూ ఆ ‘స్థా’తోనే ఏర్పడ్డాడు. ‘సాక్షి’ దారి మాత్రం వేరు: ‘సాక్షాత్’ నుంచి ప్రత్యక్షంగా చూసినవాడనే అర్థంలో ఆ పదం ఏర్పడుతుందని పాణిని సూత్రం చెబుతుంది. ఒక భాష సాక్షిలో నిలబడటాన్ని గుర్తిస్తే, మరొకటి చూడటాన్ని గుర్తించింది. ఈ తేడా నాకు ఎంతో అపురూపంగా తోస్తుంది.

ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన తొలినాళ్లలో ‘డిటెస్ట్’కు శపించడం, బహిరంగంగా నిందించడం అనే అర్థాలు ఉండేవి. క్రమంగా అవి అరిగిపోయి మనసులోని ఏవగింపు మాత్రమే మిగిలింది.

లాటిన్ ‘టెస్టిస్’లో ఆ ‘మూడు’ పైకి కనిపించదు, ఎందుకంటే అందులోని రేఫ ఎప్పుడో జారిపోయింది. అయితే లాటిన్‌కు సోదరభాష అయిన ఆస్కన్ దాన్ని నిలుపుకుంది. ఇటలీలోని పాంపేయి నగరం క్రీస్తుపూర్వం 80లో రోమన్ల వలస స్థావరంగా మారకముందు అక్కడ ఆస్కన్ భాష వాడుకలో ఉండేది. వీబియస్ అడిరానస్ అనే పౌరుడు వీలునామా ద్వారా ఇచ్చిన సొమ్ముతో ఒక కట్టడాన్ని నిర్మించారని అక్కడ దొరికిన ఒక శాసనం తెలుపుతుంది. అందులో ‘వీలునామా ద్వారా’ అనే అర్థంలో చెక్కిన మాట ‘ట్రిస్టామెంటుడ్’.