అమీబా దగ్గర నేర్చిన విద్య

నీటి పైపు లోపల పట్టిన జిగురు పాచి మీద తిరిగే అమీబాకి బాక్టీరియా అంటే తిండి. ఎదురుపడిన దాన్ని చుట్టేసి మింగుతుంది. ఒక సంచిలో పెట్టి, ఆమ్లమూ ఎంజైములూ కుమ్మరించి అరిగించుకుంటుంది. లెజియోనెల్లా న్యూమోఫిలా అనే బాక్టీరియాని కూడా అలాగే మింగుతుంది. మింగుడు పడుతుంది కానీ అరగదు. ఒకట్రెండు రోజుల్లో సంచి నిండా దాని పిల్లలే ఉంటాయి, ఆ తర్వాత అమీబా పగిలిపోతుంది.

మన ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్‌లనే కణాలుంటాయి. గాలితో పాటు లోపలికొచ్చిన దుమ్మునీ, సూక్ష్మజీవుల్నీ మింగి అరిగించడం వాటి డ్యూటీ. పనిచేసే పద్ధతి అచ్చం అమీబాదే. అందుకే కూలింగ్ టవర్ నుంచో షవర్ నుంచో వచ్చే సన్నటి తుంపరల్లో కొట్టుకొచ్చిన లెజియోనెల్లా ఊపిరితిత్తుల్లో దిగగానే తనకు తెలిసిన పనే మొదలుపెడుతుంది. మనిషి దాని లెక్కలోనే లేడు. సాధారణంగా ఒకరి నుంచి ఇంకొకరికి అంటదు కాబట్టి మన ఒంట్లోకి రావడం దానికీ లాభం లేని ప్రయాణమే.

దీని పేరు వెనక ఒక విషాదం ఉంది. 1976 జులైలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, ఒక హోటల్లో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం సభ జరిగింది. ఇళ్లకు వెళ్లాక ఒకరి తర్వాత ఒకరు న్యుమోనియాతో మంచం పట్టారు. హోటల్ దగ్గర్లో తిరిగిన వాళ్లతో కలిపి 221 మంది జబ్బుపడితే 34 మంది చనిపోయారు. కారణం నెలల తరబడి దొరకలేదు. జోసెఫ్ మెక్‌డేడ్ అనే శాస్త్రవేత్త స్లైడ్ మీద అక్కడక్కడా పుల్లల్లాంటి బాక్టీరియాని ముందే చూశాడు, లెక్కచేయకుండా వదిలేశాడు. మనసు ఊరుకోక డిసెంబర్ చివర్లో మళ్లీ ఆ స్లైడ్లే తీశాడు. 1977 జనవరిలో దోషి ఈ బాక్టీరియానే అని బయటపడింది. దాచి ఉంచిన పాత రక్తం శాంపిళ్లు పరీక్షిస్తే, 1965లోనూ 1968లోనూ అంతుపట్టకుండా పోయిన జబ్బులకి కూడా ఇదే కారణమని తేలింది. అంటే జబ్బు కొత్తది కాదు, మన కంటికి ఆనడమే కొత్త.

అసలు కథ కణం లోపల ఉంది. లెజియోనెల్లా గోడలో సూదిలాంటి ఒక యంత్రం ఉంటుంది. మాక్రోఫేజ్ దాన్ని మింగుతుండగానే అది ఆ సూదితో కణంలోకి ప్రోటీన్లు ఎక్కించడం మొదలుపెడుతుంది. ఒకటీ రెండూ కాదు, 300కు పైగా రకాలు! దాని దగ్గరున్న మొత్తం జన్యువులే సుమారు 3,000. అంటే పదో వంతు ఆస్తి ఈ ఒక్క మోసానికే పెట్టుబడి పెట్టింది.

వాటిలో ఒకదాని పనితనం చూడండి. కణంలో ఒకచోట తయారైన సరుకు చిన్న చిన్న బుడగల్లో ఇంకో చోటికి వెళుతుంటుంది. ఆ బుడగ ఎక్కడికి చేరాలో చెప్పే ప్రోటీన్లలో ర్యాబ్1 ఒకటి. లెజియోనెల్లా పంపిన డీఆర్ఆర్ఏ అనే ప్రోటీన్, బాక్టీరియా కూర్చున్న సంచి పొరకి అతుక్కుని ర్యాబ్1ని అక్కడికి లాగి ఆన్ చేస్తుంది. కణం దాన్ని మళ్లీ ఆఫ్ చేయలేకుండా డీఆర్ఆర్ఏ ఒక చిన్న రసాయన ముక్కని దానికి తగిలించి తాళం వేస్తుంది. దాంతో దారినపోయే బుడగలన్నీ వచ్చి ఈ సంచికే అతుక్కుంటాయి. కాసేపట్లో ఆ సంచి, ప్రోటీన్లు తయారుచేసే కణభాగంలా వేషం కట్టేస్తుంది. అరిగించాల్సిన లైసోజోమ్‌లు దాన్ని సొంత సామానే అనుకుని పట్టించుకోవు. ఇంకా తమాషా ఏమిటంటే, పని ముగిశాక ఆ తాళం తీయడానికి లెజియోనెల్లా ఇంకో ప్రోటీన్ని పంపుతుంది. అంత పద్ధతిగల దొంగ!

మిగతా వాటిలో కొన్ని కణం తన లోపలి చెత్తని ఊడ్చుకునే ఏర్పాటునే పాడుచేస్తాయి. కొన్ని బాక్టీరియాకి కావలసిన అమైనో ఆమ్లాలు అందేలా చూస్తాయి. అవి తరిగిపోతే తిండి అయిపోయిందని దానికి తెలిసిపోతుంది. పిల్లలు పెట్టడం ఆపి, ఈదడానికి తోక మొలిపించుకుని, కణాన్ని బద్దలు కొట్టి బయటపడుతుంది.

ఇన్ని ప్రోటీన్లెందుకు? పరిశోధకులు వాటిలో దాదాపు మూడో వంతు తీసేసి చూశారు. మాక్రోఫేజ్‌లో అది హాయిగానే పెరిగింది, కొన్ని రకాల అమీబాల్లో మాత్రం తడబడింది. ఒక్కో అమీబాకి ఒక్కో రకం తాళంచెవి కావాలి మరి. వాటితో పోలిస్తే మన కణం దానికి తేలిక పరీక్షే.

జబ్బు 2 నుంచి 14 రోజుల్లో బయటపడుతుంది. తీవ్ర జ్వరం, దగ్గు, ఆయాసంతో పాటు కొందరికి విరేచనాలు, మతి తడబాటు కూడా ఉంటాయి. బాక్టీరియా చేరిన కణాలు పగలడం ఒక ఎత్తయితే, వాటి కోసం శరీరం పంపే రక్షణ దళం వల్ల వాయుకోశాలు ద్రవంతో నిండడం ఇంకో ఎత్తు. వయసు మళ్లినవాళ్లకీ, పొగతాగేవాళ్లకీ, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకీ ముప్పు ఎక్కువ. పెన్సిలిన్ రకం మందులు ఇక్కడ పనిచేయవు, శత్రువు కణం లోపల కూర్చుంది కదా. కణాల్లోకి చొరబడే అజిత్రోమైసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటివి వాడతారు.

ఇక నీళ్ల సంగతి. నిలవ ఉన్న గోరువెచ్చటి నీళ్లంటే దీనికి ప్రాణం, అందుకే వేడినీళ్ల ట్యాంకుల్ని 60 డిగ్రీల దగ్గర ఉంచమంటారు. క్లోరిన్ కూడా దీన్ని చంపుతుంది. కానీ క్లోరిన్ తగలగానే కొన్ని అమీబాలు ముడుచుకుని చుట్టూ గట్టి పెంకు కట్టుకుంటాయి. ఆ పెంకు లోపల లెజియోనెల్లా క్షేమంగా ఉండిపోతుంది. నీళ్లు మామూలయ్యాక అమీబా పెంకు విప్పుకుని మళ్లీ మేతకి బయల్దేరుతుంది, కడుపులో దాన్ని మోసుకుంటూ.